అబద్ధం బయటపడ్డాక గొడవ చూపించాలా? ఆపరేటర్ గదిలోంచి ఒక జవాబు

ప్రశ్న: రొమాంటిక్ కామెడీ కథ ఒకటి రాస్తున్నాను. హీరో వాళ్లది అనంతపురంలో టిఫిన్ సెంటర్. హీరోయిన్ ధర్మవరంలో టీచర్. తనకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని, ఆదివారాలు మాత్రమే ఊరికి వస్తానని ఏడాదిపాటు ఆమెను నమ్మిస్తాడు. చివరికి తెలిసిపోతుంది. ఇక్కడ ఇద్దరి మధ్య నిలదీత పూర్తిగా చూపించాలా, లేక ‘మూడు నెలల తర్వాత’ అని వేసి కలిపేయాలా? చూపిస్తే కామెడీ బరువెక్కుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. హీరోయిన్‌కు కూడా ఒక అబద్ధం పెడితే సరిపోతుందా?

జవాబు:

తమ్ముడూ, చూపించు. జవాబు ముందే చెప్పేశాను కాబట్టి తొందరున్నవాళ్లు ఇక్కడితో లేచిపోవచ్చు. ఎందుకు, ఎట్లా అన్నది చెప్పడానికి కొంచెం టైమ్ పడుతుంది.

నేను రచయితను కాదు. 1986 నుంచి 2012 దాకా అనంతపురంలో సినిమా ఆపరేటర్‌ను. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక, ఇక్కడి పిల్లలు తీసే షార్ట్ ఫిల్ములకు స్క్రిప్టులు చదివి పెట్టడం అలవాటైంది. రాసేవాళ్లకు దొరకని చోటు ఒకటి ఆపరేటర్‌కు దొరుకుతుంది. ఒకే సినిమాను రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి, గోడలోని చిన్న కిటికీలోంచి చూస్తాడు. రెండో వారం వచ్చేసరికి తెరను ఎవరు చూస్తారు? జనాన్ని చూస్తాడు. ఏ సీనుకు సోడా కోసం లేస్తారో, ఏ సీనుకు లేచినవాడు కూడా తలుపు దగ్గరే ఆగిపోతాడో చూస్తూ కూర్చుంటాడు.

అట్లా కూర్చున్న రోజుల్లోనే నీ ప్రశ్నకు జవాబు దొరికింది. అదీ నేను చేసిన వెధవ పని వల్ల.

ఒక సినిమా వచ్చింది, పేరు వద్దులే. హీరో వేరే పేరుతో హీరోయిన్ ఇంట్లో చేరి రెండు గంటలపాటు ఇంటిల్లిపాదినీ నమ్మిస్తాడు. నిడివి ఎక్కువ. ఫస్ట్ షో వదిలేసరికి పల్లెలకు పోయే ఆఖరి బస్సులు వెళ్లిపోతున్నాయి, క్లైమాక్స్‌కు ముందే జనం లేచిపోతున్నారు. ‘ఎక్కడన్నా ఆరు నిమిషాలు లేపేయప్పా’ అన్నాడు మేనేజర్. పాట తీస్తే కుర్రవాళ్లు సీట్లు కోస్తారు. ఫైటు తీస్తే ఇంకా ఎక్కువ కోస్తారు. నాకు అడ్డంగా కనిపించింది ఒకటే సీను. నిజం తెలిశాక హీరోయిన్ మేడమెట్ల మీద కూర్చొని హీరోను నిలదీసేది. హాల్లో ఎవరూ నవ్వరు, ఒక్క విజిల్ పడదు. కత్తిరించి, అటూ ఇటూ అతికించి, ముక్కను డబ్బాలో దాచిపెట్టాను. (ప్రింటు తిరిగి పంపేటప్పుడు మళ్లీ అతికించాలి. లేకుంటే డిస్ట్రిబ్యూటర్ మనిషి ఊరుకోడు.)

మా థియేటర్లో శెనక్కాయలు అమ్మే అవ్వ ఒకామె ఉండేది. ఇంటర్వెల్ బేరం అయిపోతే తట్ట మూలన పెట్టి, తలుపు కర్టెన్ వెనక నిలబడి రోజూ ఆఖరి అరగంట చూసేది. కోత పడిన రెండో రోజు రాత్రి నేను కిందికి దిగుతుంటే పట్టుకునింది.

‘ఏంరా, ఆ పిల్ల అడిగేది యాడికి పోయింది?’

‘లెంగ్త్ ఎక్కువైందని తీసేసినాములే అవ్వా.’

‘అడక్కుండానే ఎట్ల నవ్వుతాంది రా అది? బుద్ధి లేనిదాన్ని చేసినారు కదరా పాపం.’

నేను నవ్వేసి వెళ్లిపోయాను. కానీ మర్నాడు మ్యాట్నీకి కిటికీ దగ్గర కూర్చుంటే ఒక సంగతి కనిపించింది. ఆ సినిమా ఆఖర్లో పెళ్లి పందిట్లో ఒక కామెడీ బిట్ ఉంది. మొదటి వారం దానికి హాలు ఊగిపోయింది. కోత తర్వాత మగవాళ్ల బెంచీల నుంచి నవ్వు వచ్చింది గానీ, ఆడవాళ్ల వైపు నుంచి సగం కూడా రాలేదు. వాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆ రాత్రే ముక్కను మళ్లీ అతికించి, ఆరు నిమిషాలూ ఫైటులోంచి తీశాను. పందిట్లో నవ్వు తిరిగి వచ్చింది. ఫైటు తీసినందుకు ఎవరూ సీట్లు కోయలేదు కూడా.

నిలదీత పెడితే కామెడీ బరువెక్కుతుందని నీ ఫ్రెండ్స్ అంటున్నారు కదా. నేను చూసింది దానికి తిరగబడి ఉంది. ఆ సీను లేకపోతే తర్వాత వచ్చే కామెడీకే నవ్వు పుట్టదు. ఎందుకంటే, రెండు గంటలపాటు మనం హీరోతో చేతులు కలిపి ఆ పిల్లను చూసి నవ్వాం. నిజం మనకు తెలుసు, హీరో ఫ్రెండ్‌కు తెలుసు, చివరికి పాలవాడికి కూడా తెలుసు. ఆమె ఒక్కదానికే తెలియదు. ఆ నవ్వులన్నింట్లో మనకూ వాటా ఉంది. ఆమె నోరు తెరిచి అడిగేదాకా అది కడుపులో ముల్లులా ఉండిపోతుంది. అవ్వ ‘పాపం’ అన్నది అందుకే.

మన సినిమాల్లో దీన్ని తప్పించుకోవడానికి అరిగిపోయిన దారులు ఉన్నాయి. నిజం తెలిసిన మరుక్షణం విలన్ వచ్చి హీరోయిన్‌ను ఎత్తుకుపోతాడు. హీరో పోయి కొట్టి తెస్తాడు, ఇక ఆమె ఏం అడుగుతుంది? లేదా ఆమెకు యాక్సిడెంట్ అవుతుంది, రక్తం హీరోదే కలుస్తుంది. లేదా హీరో ఫ్రెండ్ వచ్చి ‘వాడు నిన్ను ఎంత ప్రేమించాడో తెలుసా’ అని వకాల్తా పుచ్చుకుంటాడు. వీటిలో ఏది పెట్టినా నీ కథను చివరిదాకా చదవను, ముందే చెబుతున్నా.

పెద్దవాళ్లు తీసినవి చూద్దామా? మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1957లో మాయాబజార్ తీశారు. అంతకన్నా పెద్ద మోసం ఇంకేముంది, పెళ్లికూతురే ఘటోత్కచుడు. అంత మాయ నడిపిన సినిమా కూడా చివర్లో లెక్క తేల్చకుండా వదల్లేదు. సత్యపీఠం అని ఒకదాన్ని తెచ్చి పెట్టారు. దాని మీద నిలబడితే నిజమే బయటికి వస్తుంది. శకుని ఎక్కి, తన కుట్రంతా తన నోటితోనే కక్కేస్తాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది కూడా ఆ సీనుకే. నిలదీత వేరు, కామెడీ వేరు అని ఎవరన్నారో గానీ, వాళ్లు ఆ సీను చూడలేదు.

1962 నాటి గుండమ్మ కథ తీసుకో. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి గారు మన పక్కన కడప జిల్లావారే. నాకు ప్రాణమైన సినిమా. పాత ప్రింటు వచ్చినప్పుడు నిద్ర మానుకొని వేశాను. అయినా మా ఇంట్లో దాని మీద ఒక పేచీ ఉంది. జమీందారు కొడుకని పెళ్లి చేసుకున్న సరోజను (జమున వేసిన పాత్ర), భర్త తాను ఏమీ లేనివాడన్నట్టు నటించి, ఇల్లు వదిలించి, తోటపని దాకా తీసుకుపోతాడు. పొగరు అణచడానికి అన్నమాట. చివరికి అదంతా నాటకమని తెలుస్తుంది, అందరూ కలిసిపోతారు. టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంటామె అంటుంది: ‘అంతా బాగుంది గానీ, జమునను ఎవరన్నా ఒక మాట అడిగినారా?’ నా దగ్గర జవాబు లేదు. ఆ కాలానికి అది చెల్లింది. ఇప్పుడు నువ్వు రాస్తే చెల్లదు.

ఇంగ్లీషు సినిమాల్లోనూ ఇదే గొడవ. 1998లో వచ్చిన యూ హావ్ గాట్ మెయిల్‌ను మా అమ్మాయి లాప్‌టాప్‌లో చూపించింది. పేరు తెలియకుండా ఇద్దరూ మెయిళ్లు రాసుకుంటూ ఉంటారు. అతని పెద్ద పుస్తకాల షాపు వల్ల ఆమె చిన్న షాపు మూతపడుతుంది. మెయిళ్లు రాసేది ఆమేనని అతనికి ముందే తెలుస్తుంది, చెప్పడు. చివరికి పార్కులో ఎదురుపడితే ఆమె కళ్లనీళ్లతో సంతోషపడుతుంది, ముద్దు, సినిమా అయిపోతుంది. బాగా తీశారు, కాదనను. కానీ మా అమ్మాయి లాప్‌టాప్ మూస్తూ ‘మరి ఆ షాపు నాయనా?’ అనింది. చూసినదాంట్లో ఆమెకు మిగిలిపోయింది ముద్దు కాదు, షాపు.

ఇప్పుడు ఎట్లా చూపించాలన్నది. దీనికి నా సొంత బాగోతం చెప్పక తప్పదు.

1991లో పెళ్లిచూపులకు పోయినప్పుడు మధ్యవర్తి నన్ను ‘సినిమా థియేటర్లో మేనేజరు’ అని చెప్పాడు. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. అంతే నేను చేసింది. కానీ మూసుకున్న నోరు ఎనిమిది నెలలు తెరవలేదు. ఒకరోజు మా ఇంటామె వాళ్ల చెల్లెలితో మ్యాట్నీకి వచ్చింది, నాకు చెప్పకుండా. ఆఫీసు గదిలో ఇంకెవరో కూర్చొని ఉన్నారు. గేటు దగ్గర అడిగితే, ‘ఆపరేటరన్నా? పైన ఉన్నాడు’ అన్నాడు పిల్లోడు.

ఇనుప మెట్లెక్కి క్యాబిన్లోకి వచ్చింది. అప్పట్లో కార్బన్ కడ్డీల ప్రొజెక్టర్లు. రెండు కడ్డీల మధ్య మంట వెలుగుతూ ఉంటుంది, అవి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. గది పొయ్యిలా ఉంటుంది. బనియన్ మీద ఉన్నాను, చేతులకు మసి. రెండు వేల అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది. అది అయ్యేలోపు పక్క మిషన్లో రెండోది ఎక్కించి సిద్ధంగా ఉండాలి. తెర మీద కుడివైపు పైన మొదటి చుక్క పడగానే పక్క మిషన్ మోటార్ వేయాలి, రెండో చుక్కకు మార్చాలి. ఒక్క సెకను అటూ ఇటూ అయితే తెర తెల్లబడుతుంది, కింద నుంచి బూతులు. ఆమె వచ్చేసరికి రీల్లో ఇంకా నాలుగైదు నిమిషాలే ఉంది.

అరవలేదు. ఏడవలేదు. నా ముంజేయి వైపు చూసి అడిగింది.

‘ఆ కాలినది స్కూటర్ సైలెన్సరుకు అన్యావు కదా?’

‘కాదు. కడ్డీలకు.’

‘మొన్న మా నాయన వచ్చినప్పుడు బాల్కనీలో కూర్చోబెట్టినావే, ఆ పాసులు?’

‘మేనేజర్ను అడుక్కొని తెచ్చినా.’

‘రాత్రి లెక్కలు చూసుకొని వచ్చేసరికి ఒంటిగంట అవుతుందన్యావు.’

‘సెకండ్ షో రీళ్లు చుట్టి రావాల కదా.’

తెర మీద మొదటి చుక్క పడింది. ‘ఒక్క నిమిషం’ అన్నాను. మోటార్ వేసి, రెండో చుక్కకు మార్చాను. నా పెళ్లి మునిగిపోతున్నా రీలు మార్చాలి కదా! వెనక్కి తిరిగేసరికి ఆమె రీళ్ల పెట్టె మీద కూర్చొని ఉంది. ఇంకొక్కటి అడిగింది: ‘మా చెల్లెలి ముందర నన్ను ఆ గేటు పిల్లోడు చూసి నవ్వినాడు. వాడికీ తెలుసునా?’

అన్నింటికీ జవాబు చెప్పినవాణ్ణి దానికి మాత్రం చెప్పలేకపోయాను. తర్వాత పదకొండు రోజులు ఇంట్లో అన్నం పెట్టింది, మాట పెట్టలేదు.

ఇది ఎందుకు రాశానంటే, ‘నన్నెందుకు మోసం చేశావు’ అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. సినిమాల్లో హీరోయిన్లు మొట్టమొదట అడిగేదే అది. నిజంగా మోసపోయిన మనిషి బుర్రలో అప్పుడు జరిగే పని వేరే. గడిచిన ఎనిమిది నెలలనూ మొదటి రీలు నుంచి తిప్పి చూసుకుంటూ ఉంటుంది. ఆ రోజు ఆ మాట ఏమైంది, ఆ దెబ్బ ఎక్కడిది, ఎవరెవరు నవ్వారు. చిన్న చిన్న ప్రశ్నలు. వాటికి హీరో దగ్గర ఉన్నవి ఒక్క లైను జవాబులే. వాడికి ఇక్కడ పెద్ద డైలాగు రాయకు. ‘నీ మీద ప్రేమతోనే’ అని మొదలుపెట్టాడంటే సీను వాడి చేతికి పోయినట్టే. ఆ సీను ఆమెది.

నీ కథకు వద్దాం. గొడవను వానలోనో, బస్టాండులోనో, గుడిమెట్ల మీదో పెట్టకు. టిఫిన్ సెంటర్లోనే పెట్టు, ఉదయం ఏడున్నరకు, రష్‌లో. ఆమె ధర్మవరం నుంచి మొదటి బస్సుకు వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. హీరో లోపల వంటింట్లో ఉన్నాడు, చూడలేదు. వాళ్ల నాయనకు ఆమె ఎవరో తెలియదు. ‘ఏం కావాలమ్మా?’ అంటాడు. ఉగ్గాని, బజ్జీ చెబుతుంది. తింటూ మామూలుగా అడుగుతుంది: ‘ఇంత పని మీరొక్కరే చేస్తారా?’

‘లేదమ్మా, మావోడు ఉన్నాడు. పొద్దున్నే నాలుగుకు లేచి బొరుగులు నానబెట్టేది, మిరపకాయలు చీల్చేది అంతా వాడే.’

ఏడాదిపాటు రోజూ నాలుగుకు ఆమెకు గుడ్ మార్నింగ్ మెసేజ్ వచ్చేది. ఆ టైమ్‌కే లేచావా అంటే అమెరికా కాల్స్ ఉన్నాయనేవాడు. చేతికి మిరపకాయ ఘాటు తగిలి కంట్లో పెట్టుకుంటే, స్క్రీన్ చూసి చూసి కళ్లు ఎర్రబడ్డాయనేవాడు. వీటిని ముందు సీన్లలో కామెడీగా వాడుకొని ఉంటావు కదా, జనం నవ్వి ఉంటారు. ఇప్పుడు అవే ఒక్కొక్కటీ ఆమె ముఖం మీద తిరిగి పడతాయి. కొత్త డైలాగు రాయక్కర్లేదు. అప్పుడు హీరో బజ్జీల పళ్లెం పట్టుకొని బయటికి వస్తాడు.

ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆమె అడుగుతూ ఉంటుంది. వాడు జవాబు చెప్పబోయేలోపు ఎవడో ఒకడు ‘ఇంకో రెండు బజ్జీలప్పా’ అంటాడు. వాడు వేసి రావాలి. వచ్చి మళ్లీ నిలబడాలి. పార్సిల్ కోసం వచ్చినవాడు చిల్లర కోసం గొణుగుతూ ఉంటాడు. నా క్యాబిన్లో రీలు చేసిన పని నీ సీన్లో బజ్జీ చేస్తుంది. జనం నవ్వుతారు, నవ్వుతూనే గొంతు పట్టుకుంటుంది. వాళ్ల నాయన మాత్రం అట్లకాడ పట్టుకొని, కొడుకు తనను చూసి సిగ్గుపడ్డాడన్న సంగతి మెల్లమెల్లగా అర్థం చేసుకుంటూ ఉంటాడు. నన్నడిగితే కెమెరా ఒకసారి ఆయన మీదికి పోవాలి. అబద్ధం ఆమెకు ఒక్కదానికే కాదు కదా తగిలింది.

ఇంకొకటి. వెళ్లేటప్పుడు ఆమె బిల్లు కట్టాలి. ఆయన వద్దన్నా కట్టాలి.

అదే సీన్లో క్షమించేయకూడదు. నీ ‘మూడు నెలల తర్వాత’ కార్డు ఉందే, దాన్ని పారేయకు. అది ఇక్కడ, ఈ సీను అయ్యాక వేసుకో. నిలదీత చూపించి కాలం దాటిస్తే జనం ఒప్పుకుంటారు. నిలదీతనే దాటిస్తే ఎగ్గొట్టినట్టు ఉంటుంది. ఆ మూడు నెలల్లో వాడు ఏం చేశాడో ఒకటి రెండు షాట్లు వేసుకో, దాని మీద ఎక్కువ కూర్చోవద్దు.

అన్ని కథలకూ ఇదే కొలత అనను. 1955 నాటి మిస్సమ్మలో ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పేది ఇద్దరూ కలిసి. ఒకరినొకరు మోసం చేసుకోలేదు కాబట్టి వాళ్ల మధ్య తేలాల్సిన లెక్క లేదు. మోసపోయిన జమీందారుకు కోపం రావడానికి టైమే దొరకదు, ఆ పిల్ల తప్పిపోయిన తన కూతురే అని తేలుతుంది. 1953 నాటి రోమన్ హాలిడేలో ఆమె యువరాణినని దాస్తుంది, అతను విలేకరినని దాస్తాడు. చివరికి నిండు ప్రెస్ మీట్లో, అందరి ముందర, మర్యాద మాటల్లోనే అన్నీ తేల్చుకుంటారు. అతని ఫ్రెండ్ రహస్యంగా తీసిన ఫోటోలను కవర్లో పెట్టి ఆమె చేతికే ఇచ్చేస్తాడు. అరుపుల్లేకుండా కూడా నిలదీత చూపించవచ్చు అనడానికి అంతకన్నా మంచిది నేను చూడలేదు.

బొమ్మరిల్లు సంగతి కూడా అడుగుతావేమో. 2006లో నేనే వేశాను. ఆఖర్లో కొడుకు తండ్రి ముందర బయటపడే సీనుకు, బండ్లు తీసుకోవడానికి లేచినవాళ్లు గేటు దగ్గర నిలబడిపోయారు. అక్కడ దాచింది తండ్రి దగ్గర, తేల్చుకున్నదీ తండ్రితోనే. ఆ లైను సరిగ్గా పట్టుకున్నారు. నువ్వు మాత్రం ఆ సీను చూసి నీ హీరోకు అట్లాంటి స్పీచ్ ఇవ్వకు. అక్కడ మాట్లాడాల్సినవాడు కొడుకు, ఇక్కడ మాట్లాడాల్సింది టీచరమ్మ.

హీరోయిన్‌కూ ఒక అబద్ధం పెడితే సరిపోతుందా అన్నావు. వద్దు. అది దొంగలెక్క. నువ్వు నా దగ్గర వంద కొట్టేశావు, నేను నీ దగ్గర వంద కొట్టేశాను, చెల్లు అన్నట్టు ఉంటుంది. కథ మొదటి నుంచీ ఇద్దరి అబద్ధాల మీద నడిస్తే వేరే సంగతి. గొడవ తప్పించుకోవడానికి చివర్లో తెచ్చి అతికిస్తే జనం కనిపెడతారు. అతుకు ఎక్కడుందో కింద కూర్చున్నవాడికి తెలియదనుకోకు. నేను రీళ్లు అతికించినప్పుడు కూడా అవ్వ కనిపెట్టింది.

సీను రాసి పంపించు, చదువుతాను. పదకొండు రోజుల తర్వాత మా ఇంటామె మాట్లాడిన మొదటి మాట ఏమిటని అడగకముందే చెబుతున్నా. ‘ఆ కిటికీలోంచి సినిమా బాగానే కనిపిస్తుంది. రేపు మ్యాట్నీకి మళ్లీ వస్తా, కూర్చోను ఒక స్టూలు వేయించు’ అనింది. వేయించాను. ఇప్పటికీ నేను గుంతకల్లు పోయి వస్తానంటే, టికెట్ పారేయకుండా తెమ్మంటుంది.